ఇరవై ఐదు మాటల పనితనం

ఆరేళ్ళ అమెరికన్ పిల్లవాడిని 'ట్రెయిన్' అని రాయమంటే సి-హెచ్-ఆర్-ఏ-ఎన్ అని రాస్తాడు. మన బళ్ళలో అయితే దాని మీద ఎర్రసిరా గీత పడుతుంది. పక్కన అసలు స్పెల్లింగు, దాని కింద 'పదిసార్లు రాయి' అన్న ఇంపోజిషను వస్తాయి. ఆ గీత గీసేముందు ఒక్కసారి ఆ మాటను అమెరికన్ యాసలో మెల్లగా పలికి చూడాలి. 'ట' వెనకాలే 'ర' రాబోతోందని నాలుకకు ముందే తెలుసు. అందుకని కాస్త వెనక్కి జరిగి, 'ట'ను ఒరిపిడితో వదులుతుంది. బయటికొచ్చేది దాదాపు 'చ్రెయిన్'. పెద్దవాళ్ళకు ఆ 'చ' వినపడదు. వాళ్ళ చెవికీ శబ్దానికీ మధ్య ఏళ్ళ తరబడి చదివిన అక్షరాలు అడ్డం నిలబడ్డాయి. పిల్లవాడికి ఇంకా ఆ అడ్డు లేదు. ఉన్నది ఉన్నట్టు విన్నాడు, విన్నది రాశాడు.

చార్ల్స్ రీడ్ అనే భాషాశాస్త్రవేత్త 1971లో హార్వర్డ్ ఎడ్యుకేషనల్ రివ్యూలో ప్రచురించిన వ్యాసం ఇలాంటి రాతల గురించే. ఇంకా బడిలో చేరకముందే, తమకు తెలిసిన అక్షరాల పేర్లను ఆసరా చేసుకుని సొంతంగా మాటలు కూర్చుకున్న పిల్లల రాతలను ఆయన పరిశీలించాడు. 'డ్రాగన్'ను 'జె'తో మొదలుపెట్టిన రాతలు వాటిలో ఉన్నాయి. ఒకరినొకరు ఎరగని పిల్లలు ఒకే తీరుగా తప్పు రాస్తున్నారంటే ఆ తప్పు వెనక ఒక పద్ధతి ఉన్నట్టే. వర్జీనియా విశ్వవిద్యాలయంలోని మగఫీ రీడింగ్ సెంటర్‌లో ఎడ్మండ్ హెండర్సన్, ఆయన శిష్యులు ఈ చూపును అందిపుచ్చుకుని బడిపిల్లల తప్పుల మీదికి తిప్పారు. ఆ శిష్యుల్లో నలుగురు డొనాల్డ్ బేర్, మార్షా ఇన్వర్నిజి, షేన్ టెంపుల్టన్, ఫ్రాన్సీన్ జాన్‌స్టన్. వాళ్ళు కలిసి రాసిన 'వర్డ్స్ దెయిర్ వే' 1996లో వచ్చింది. ఇంగ్లీషు చదువు చెప్పే టీచర్లలో 'వర్డ్ స్టడీ' అన్న మాట ఇంతగా పాతుకుపోవడానికి ఆ పుస్తకం ఒక పెద్ద కారణం. మనం పద పరిశీలన అనుకోవచ్చు.

పుస్తకం లావుగానే ఉంటుంది. అందులో నన్ను కట్టిపడేసింది మాత్రం ఒక్క కాగితంలో ఇమిడిపోయే చిన్న పనిముట్టు. ప్రాథమిక తరగతుల కోసం తయారుచేసిన ఇరవై ఐదు మాటల జాబితా అది. దాన్ని స్పెల్లింగ్ ఇన్వెంటరీ అంటారు. పైకి చూస్తే మామూలు డిక్టేషనే. టీచరు మాట చెబుతుంది, దాన్ని ఒక వాక్యంలో పెట్టి వినిపిస్తుంది, మళ్ళీ చెబుతుంది, పిల్లలు రాస్తారు. తేడా అంతా ఆ మాటల ఎంపికలో ఉంది. పిల్లలకు ముందుగా వాటిని చదివించకూడదని గట్టి షరతు కూడా ఉంది. ఎన్ని ఒప్పు రాశారన్నది ఇక్కడ చిన్న ప్రశ్న. తప్పు ఎలా రాశారన్నది పెద్ద ప్రశ్న. తప్పు రాసినప్పుడు పిల్లవాడి ఆలోచన పైకి కనబడేలా ఒక్కో మాటనూ ఏరి, ఒక వరుసలో కూర్చారు.

మొదటి మాట 'బెడ్', రెండోది 'షిప్'. ఇంతకంటే సులువైన మాటలు లేవనిపిస్తుంది. కానీ ఇప్పుడిప్పుడే రాయడం మొదలుపెట్టిన పిల్లవాడి చేతిలో ఉన్నవి అక్షరాల పేర్లే. మన తెలుగులో అక్షరం పేరు, దాని పలుకు ఒకటే. 'క' పేరు 'క', పలికేదీ 'క'. ఇంగ్లీషు పిల్లవాడికి ఆ సుఖం లేదు. 'బెడ్'లో వినిపించే హ్రస్వ 'ఎ'కు సరిపోయే పేరున్న అచ్చు అక్షరం అతని వర్ణమాలలో ఒక్కటీ లేదు. అందుకని నోటికి దగ్గరగా తగిలే పేరు వెతుక్కుంటాడు. అది 'ఏ'. కనుక బి-ఏ-డి అని రాస్తాడు. 'షిప్'లోని 'ఇ'కి దగ్గరి పేరు 'ఈ', కనుక అక్కడ 'ఈ' అక్షరం పెడతాడు. 'గాట్' అనే మాటలో అమెరికన్లు పలికేది 'ఆ'. 'ఐ' అక్షరం పేరు పలకాలంటే నోరు 'ఆ' దగ్గరే మొదలవుతుంది కదా, కనుక అక్కడ 'ఐ' రాస్తాడు. ఇంగ్లీషు టీచర్లకు ఈ అచ్చుల తారుమారు వింతగా తోచేది. తెలుగు వాళ్ళకు వింత అక్కర్లేదు. ఇ-ఈ, ఎ-ఏ అని మన వర్ణమాల జంటలుగా పక్కపక్కన కూర్చోబెట్టినవే ఇవి. నోటిలో ఎక్కడ పుడతాయో చూసి అచ్చులను అమర్చిన మన పూర్వుల చెవి, స్పెల్లింగు ఇంకా రాని ఆ అమెరికన్ పిల్లవాడి చెవి ఒకే మాట చెబుతున్నాయి.

మూడో మాట 'వెన్'. దీన్ని వై-ఎన్ అని రాసే పిల్లలుంటారు. డబ్ల్యూ అక్షరం పేరు 'డ'తో మొదలవుతుంది, దానిలో 'వ' జాడ పిల్లవాడికి ఎక్కడ దొరుకుతుంది? 'వై' పేరు పలకగానే పెదవులు 'వ'కు సిద్ధమవుతాయి. అది చాలు అతనికి.

నాలుగో మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. 'లంప్'. అంటే ముద్ద, గడ్డ. పిల్లలు దీన్ని ఎల్-యు-పి అని రాస్తారు. మధ్యలో ఎమ్ ఎగిరిపోతుంది. అజాగ్రత్త అనుకుంటాం. నిజానికి 'ప'కు ముందు వచ్చే ఆ అనునాసికం విడిగా నిలబడదు. అచ్చులో కరిగి, దాన్ని ముక్కులోంచి పలికించి, వెంటనే 'ప'లోకి జారుకుంటుంది. ఒక అక్షరమంత బరువు దానికి ఉందని పిల్లవాడి చెవికి తోచదు. మన లిపి ఈ సంగతిని ఎప్పుడో గమనించింది. అందుకే అక్కడ మనం 'మ'కు పొల్లు పెట్టి రాయం, అచ్చు వెంట ఒక సున్న చుడతాం. ఒక హల్లుకు ఉండాల్సిన ఒళ్ళు దానికి ఇవ్వలేదు. ఇంగ్లీషు లిపిలో సున్న లేదు కనుక ఆ పిల్లవాడు ఏమీ రాయకుండా వదిలేశాడు. ఈ ఒక్క మాటతో టీచరుకు తెలిసిపోయేది ఏమిటంటే, పిల్లవాడు శబ్దాలను ఒక్కొక్కటిగా విడదీయడంలో దాదాపు చివరి మెట్టు మీద ఉన్నాడు. ఆ ఎమ్ కనిపించిన రోజు అతను చెవిచదువు పూర్తిచేసి కంటిచదువుకు తయారైనట్టు.

ఆ కంటిచదువుకు పరీక్ష వెంటనే వస్తుంది. అయిదో మాట 'ఫ్లోట్'. ఒక పిల్లవాడు ఎఫ్-ఎల్-ఓ-టి అని రాశాడనుకుందాం. ఇంకొకడు అదే రాసి చివర ఒక 'ఈ' తగిలించాడనుకుందాం. మార్కుల పుస్తకంలో ఇద్దరికీ సున్నాయే. కానీ ఇద్దరూ ఒక తరగతి పిల్లలు కానే కారు. మొదటివాడు విన్న ప్రతి శబ్దానికీ ఒక అక్షరం ఇచ్చి పని ముగించాడు. రెండోవాడికి ఇంగ్లీషులో పలకని అక్షరం కూడా పనిచేస్తుందని తెలుసు. 'హోప్', 'నోట్' వంటి మాటల చివర మౌనంగా కూర్చున్న 'ఈ' ముందున్న అచ్చును మార్చేస్తుందని గ్రహించాడు. ఆ గ్రహింపును ఇక్కడ వాడాడు. 'ఓ'-'ఏ' జంట కూడా అదే పని చేస్తుందని మాత్రం ఇంకా పట్టుబడలేదు. ఇన్వర్నిజి బృందం చెప్పే సూత్రం ఇక్కడే ఉంది: పిల్లవాడు దేన్ని వాడుతూ తడబడుతున్నాడో అక్కడ నేర్పండి. అసలు వాడనిదాన్ని నేర్పితే అది తలకెక్కదు. తడబడకుండా వాడేదాన్ని నేర్పితే పొద్దు వృథా. మొదటివాడికి రేపు 'ఓ'-'ఏ' మాటలు ఇవ్వడం తొందరపాటు అవుతుంది. రెండోవాడికి ఈ రోజే ఇవ్వాలి.

మార్కులు వేసే తీరూ దీనికి తగ్గట్టే ఉంది. మాట మొత్తానికి ఒప్పా తప్పా అని ఒక లెక్క. మాటలోని భాగాలకు మరో లెక్క. 'ఫ్లోట్'కు చివర 'ఈ' పెట్టినవాడికి మొదటి జంట హల్లులు సరిగా వచ్చినందుకు మార్కు దక్కుతుంది, అచ్చు దగ్గర దక్కదు. ఇరవై ఐదు మాటలూ అయ్యాక టీచరు గడులు నింపిన కాగితం చూస్తే, మార్కులు దట్టంగా ఉన్నచోటు నుంచి పలచబడే చోటు కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. పాఠం మొదలుకావలసింది ఆ అంచున.

జాబితా మధ్యభాగం మొత్తం పొంచి ఉన్న జంటలతో నిండి ఉంది. 'చ్యూడ్', 'మార్చ్‌డ్' దగ్గరదగ్గరగా వస్తాయి. రెండూ భూతకాలం. మొదటిదాని చివర 'డ్' వినిపిస్తుంది, రెండోదాని చివర 'ట్' వినిపిస్తుంది. రాసేది మాత్రం రెండు చోట్లా ఈ-డి. చెవినే నమ్ముకున్నవాడు రెండోదాని చివర 'టి' పెడతాడు. 'ఈ-డి' పెట్టినవాడు శబ్దాన్ని పక్కకు నెట్టి అర్థం వైపు తొలి అడుగు వేశాడు. జరిగిపోయిన పనికి గుర్తు ఇది, ఎలా పలికినా రూపం మారదు అన్న తెలివి అది. ఆ తర్వాత 'షవర్', 'ఫేవర్', 'సెల్లర్'. మూడింటి చివరా నోరు పలికేది ఒకే నలిగిన 'అర్'. రాతలో ఒకచోట ఈ-ఆర్, ఒకచోట ఓ-ఆర్, ఒకచోట ఏ-ఆర్. ఒకే శబ్దానికి మూడు వేషాలు వేయించి, వాటిని వరుసగా కాకుండా ఒక్కో మాట ఎడంతో విడదీసి పెట్టారు, పిల్లవాడు ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని పోల్చుకోకుండా. ఈ విడదీత చూసినప్పుడు కూర్చినవాళ్ళ పనితనానికి నమస్కారం పెట్టాలనిపించింది.

చివరి అయిదు మాటలకు వచ్చేసరికి చెవి, కన్ను రెండూ చాలవు. 'ప్లెషర్'లో మొదటి అచ్చును ఏ అక్షరాలతో రాయాలో దాని శబ్దం చెప్పదు, 'ప్లీజ్' చెబుతుంది. 'ఆపొజిషన్'లో నడుమ ఉన్న అచ్చు పలుకులో నలిగిపోయి ఏదైనా కావచ్చు అన్నట్టుంటుంది. 'ఆపోజ్' గుర్తొచ్చినవాడికి సందేహం ఉండదు, అక్కడ 'ఓ' గట్టిగా వినిపిస్తుంది. 'ఫార్చునేట్' వెనక 'ఫార్చూన్', 'కాన్ఫిడెంట్' వెనక 'కన్‌ఫైడ్', 'సివిలైజ్' వెనక 'సివిల్' నిలబడి ఉన్నాయి. ఈ అయిదింటిలో ఏదీ ఒంటరి మాట కాదు, ప్రతిదానికీ ఇంటిపేరు చెప్పే చుట్టం ఉంది. ఇంగ్లీషు రాత పలుకు కంటే అర్థబంధుత్వానికే ఎక్కువ విలువనిస్తుందని భాషాశాస్త్రవేత్త కారల్ చామ్‌స్కీ 1970లోనే రాసింది. 'సైన్'లో నోరు మూసుకున్న 'జి', 'సిగ్నల్'లో, 'సిగ్నేచర్'లో నోరు తెరుస్తుంది. 'సైన్' నుంచి దాన్ని తీసేస్తే పలుకు బాగుపడుతుంది, కుటుంబం చెదిరిపోతుంది.

అమెరికాలో స్పెల్లింగ్ బీ పోటీలకు తయారయ్యే తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ చివరి మెట్టు బాగా తెలుసు. 1989లో రత్నం చిట్టూరి స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ పోటీలు మన పిల్లలు ఎందరికో తొలి వేదికలయ్యాయి. మైకు ముందు నిలబడి 'ఈ మాట ఏ భాష నుంచి వచ్చింది?' అని అడిగే పిల్ల ధాతువు కోసం వెతుకుతోంది. అయితే ఆ వేదిక దాకా వెళ్ళేది కొద్దిమందే. ఈ జాబితా తయారైంది తరగతిలో వెనకబెంచీలో కూర్చున్నవాడి కోసం కూడా.

జబ్బేమిటో తెలిశాక మందు ఉండాలి. ఇక్కడి మందు మాటల చీటీలను వేరుచేయించడం, ఇంగ్లీషులో 'సార్టింగ్'. చిన్న చిన్న చీటీల మీద ఒక్కో మాట రాసి ఉంటుంది. పిల్లవాడు వాటిని చదువుతూ వరుసల్లో పెట్టాలి. ఏ వరుస ఎందుకో టీచరు ముందు చెప్పదు. ఒక పాఠంలో మాటలన్నీ 'క్' శబ్దంతో ముగుస్తాయి. 'బ్యాక్, సిక్, డక్, లాక్' ఒక వరుస. వీటి చివర సి-కె. 'మేక్, లైక్, జోక్' ఇంకో వరుస, చివర కె-ఈ. 'బుక్, వీక్, సోక్' మూడోది, చివర ఒంటరి కె. 'జోక్', 'సోక్' రెండూ చెవికి ఒకేలా మోగుతాయి, కానీ వేరే వరుసలకు చెందుతాయి. కనుక చెవి ఇక్కడ చేతులెత్తేస్తుంది. పిల్లవాడు 'క్' మీద పెట్టిన చూపును వెనక్కి జరిపి దాని ముందున్న అచ్చును చూడాలి. ఒంటరి పొట్టి అచ్చు ఉంటే సి-కె. ఒంటరి పొడుగు అచ్చు ఉంటే కె-ఈ. రెండు అచ్చు అక్షరాలుంటే ఒట్టి కె. ఈ నియమాన్ని టీచరు బోర్డు మీద రాసి ఉంటే ఒక్క నిమిషంలో అయిపోయేది, మర్నాటికి మరిచిపోయేవాళ్ళు. 'ఇది ఇక్కడ ఎందుకు పెట్టావు?' అని అడిగితే, పిల్లవాడు తడుముకుంటూ తన మాటల్లో చెబుతాడు. ఆ తడుముకోవడంలోనే నియమం అతని సొంతమవుతుంది.

ఏ వరుసలోనూ ఇమడని మాటలకు పక్కన ఒక చోటు కేటాయిస్తారు. ఈ పాఠంలో అక్కడికి వెళ్ళేది 'యాక్', అంటే హిమాలయాల జడలబర్రె. పొట్టి అచ్చే ఉంది, అయినా సి-కె లేదు. టిబెట్ నుంచి వచ్చిన మాట ఇంగ్లీషు ఇంటి ఆచారాన్ని పాటించలేదు. తిక్క మాటలను దాచిపెట్టకుండా బల్ల మీదే పెట్టడం నాకు చాలా నచ్చింది. నియమానికి లొంగనిది ఒకటి కళ్ళముందు ఉంటేనే నియమం ఎంతవరకో తెలుస్తుంది.

తర్వాత ఇద్దరిద్దరు జట్టుగా కూర్చుంటారు. ఒకరు చీటీ చూపించకుండా చదివితే రెండోవారు ఏ వరుసో చెప్పాలి. ఆ తర్వాత రాస్తూ వేరుచేయడం, వేగంగా వేరుచేయడం, తాము అప్పటికే చదివిన కథలో అలాంటి మాటల్ని వేటాడటం. ఈ చివరిదాని వల్ల పద పరిశీలన చదువుకు తిరిగి అంటుకుంటుంది. లేకపోతే చీటీలు చీటీలుగానే మిగిలిపోతాయి. ఇంకో కట్టుబాటు ఉంది: పిల్లవాడు చదవగలిగిన మాటలనే చీటీల మీద రాయాలి. చదవడానికే తంటాలు పడుతున్నవాడికి వాటిలోని పోలిక ఎక్కడ కనిపిస్తుంది?

మన టీచర్లు ఈ పాఠాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే ఒకచోట కాలు జారుతుంది. ఇంగ్లీషు టీచర్లు 'షార్ట్', 'లాంగ్' అనే అచ్చులు మన హ్రస్వ దీర్ఘాలు కావు. 'లాక్'ను మనం దీర్ఘంతో పలుకుతాం, దీర్ఘంతోనే రాస్తాం. వాళ్ళ లెక్కలో అది పొట్టి అచ్చు. 'బుక్'లో మనకు వినిపించేది హ్రస్వం, రాతలో మాత్రం రెండు అచ్చు అక్షరాలు. హ్రస్వ దీర్ఘాల మీద ఇంత చక్కటి చెవి ఉన్న తెలుగు పిల్లవాడే ఇక్కడ ఎక్కువ తికమకపడతాడు. అలాగే మన 'ట' మూర్ధన్యం కనుక 'ట్రెయిన్' మన నోట 'చ్రెయిన్' కాదు. ఆ విషయంలో ఆ మాట మన పిల్లల గురించి ఏమీ చెప్పకుండా మూగపోతుంది. ఇక వీ, డబ్ల్యూ రెండింటికీ మన నోట ఒకే 'వ' కనుక, 'వెన్' అమెరికన్ పిల్లల దగ్గర చెప్పే కథ ఒకటైతే, మన దగ్గర చెప్పేది పూర్తిగా ఇంకొకటి. గీటురాయి ఒకటే అయినా ఏ బంగారానికి ఏ గీత పడుతుందో వేరేగా నేర్చుకోవాలి.

హెండర్సన్ శిష్యులు పిల్లల ఎదుగుదలను అయిదు దశలుగా విభజించారు. దీని మీద విమర్శ ఉంది. రెబెకా ట్రైమన్ వంటి పరిశోధకులు చిన్న పిల్లల రాతలను మరింత దగ్గరగా చూసి, ఒక మెట్టు దిగి ఇంకో మెట్టు ఎక్కినంత శుభ్రంగా ఇది జరగదని, మొదటి తరగతి పిల్లలు కూడా శబ్దంతో పాటు అక్షరాల అల్లికను, ఒకోసారి అర్థాన్ని కూడా వాడుకుంటారని చూపించారు. నాకు ఆ విమర్శ సబబుగానే తోస్తుంది. పిల్లవాడి నుదుటి మీద దశ పేరు అతికించేస్తే ఎర్రసిరా గీతకూ దానికీ పెద్ద తేడా ఉండదు. కొన్ని తరగతుల్లో ఈ పద్ధతి చీటీలు కత్తిరించి అతికించే పనిగా దిగజారిపోయే ప్రమాదమూ ఉంది. జాబితాలోని ఇరవై ఐదు మాటలకు మాత్రం ఈ విమర్శ అంటదు. దశలన్నింటినీ పక్కనపెట్టినా 'లంప్', 'ఫ్లోట్', 'సెల్లర్' తమ పని తాము చేస్తూనే ఉంటాయి.

ఈ పుస్తకం చదువుతున్నంతసేపూ తెలుగు మాటలు నా మనసులో వరుస కడుతూనే ఉన్నాయి. తెలుగులో ఎలా పలికితే అలా రాస్తాం, స్పెల్లింగు సమస్య లేదు అని గర్వంగా అంటాం. నాలుగో తరగతి పిల్లల నోటుపుస్తకాలు తెరిస్తే ఆ గర్వం నిలవదు. మన చదువులో మాటల వరుసకు పాత సంప్రదాయం ఉంది. పెద్ద బాలశిక్షలో రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు అని సాగుతుంది. ఆ పొడవు లెక్కకు ఒక అందం ఉంది, కానీ కష్టం లెక్క వేరు. 'పలక' మూడక్షరాలు, గుణింతమే లేదు. 'స్త్రీ' ఒక్కటే అక్షరం, అందులో మూడు హల్లులు ఒకదాని కింద ఒకటి వేలాడుతుంటాయి.

కష్టం లెక్కన కడితే వరుస 'పలక'తో మొదలుకావచ్చు. తర్వాత 'కోడి', దీర్ఘం పడుతుందా లేదా చూడటానికి. తర్వాత 'గడ్డ', 'అమ్మ' పక్కపక్కన. డవత్తు తలకట్టు తీసేసిన 'డ'లాగే ఉంటుంది, చూసి గీయవచ్చు. మవత్తుకు 'మ'తో పోలికే లేదు, దాన్ని విడిగా నేర్చుకోవాల్సిందే. మొదటిది వచ్చి రెండోది రానివాడికి ఒత్తు అంటే ఏమిటో తెలుసు, దాని గుర్తు తెలియదు. రెండూ రాక 'గడ', 'అమ' అని రాసినవాడికి ద్విత్వమే ఇంకా వినిపించడం లేదు. ఆ తర్వాత 'బస్తా'. ఇది మన 'లంప్' అనుకోవచ్చు. చెవికి వినిపించేది బస్, ఆ వెనక తా. దీర్ఘం 'త' తర్వాత వినిపిస్తుంది. రాసేటప్పుడు మాత్రం దీర్ఘం 'స' నెత్తిన పెట్టి, 'త'ను కిందికి దించాలి. వినికిడి వరుసను మన లిపి ఇక్కడ తలకిందులు చేస్తుంది. 'బసతా' అని రాసినవాడు విన్నది విన్నట్టు పెట్టాడు, అతనికి సంయుక్తాక్షరం నేర్పాలి. 'బత్సా' అని రాసినవాడికి సంయుక్తాక్షరం తెలుసు, ఏది పైన ఏది కింద అన్నదే తడబాటు. రెండోవాడు చాలా ముందున్నాడు.

ఇంగ్లీషులో లాటిన్, గ్రీకు మాటలు చేసే పనిని తెలుగులో తత్సమాలు చేస్తాయి. మహాప్రాణాలు, శ-ష-స తేడాలు, వట్రసుడి దగ్గర రోజువారీ పలుకు సాయం రాదు. గోడల మీద, కరపత్రాల మీద 'విద్యార్ధి', 'ప్రార్ధన' అని ధకారంతో చూస్తూనే ఉంటాం. పదిసార్లు రాయించినా ఇది తగ్గదు. చీటీలు తెచ్చి రెండు వరుసలు పెట్టించాలి. 'అర్థి, అభ్యర్థి, విద్యార్థి, ప్రార్థన, అభ్యర్థన' ఒకటి. 'అర్ధగంట, అర్ధరాత్రి, అర్ధచంద్రుడు' రెండోది. మొదటి వరుసలో ఎవరో ఏదో కోరుకుంటున్నారు, రెండో వరుసలో ప్రతిదీ సగం. ఒక్కసారి ఇది కంటబడ్డ పిల్ల మళ్ళీ విద్యార్థిని సగం చెయ్యదు. 'పదార్థం', 'స్వార్థం' చీటీలు ఇస్తే ఎక్కడ పెట్టాలో కాసేపు ఆలోచిస్తుంది. అక్కడ కోరికకు పక్కనే ప్రయోజనం, వస్తువు అన్న అర్థాలున్నాయని తేలేదాకా మాట్లాడుకోవచ్చు. ఆ సంభాషణ కోసమే ఆ చీటీలు. 'కష్టం, ఇష్టం, దుష్టుడు' ఒకవైపు, 'నిష్ఠ, ప్రతిష్ఠ, కనిష్ఠం, గరిష్ఠం' ఇంకోవైపు పెట్టి ఇంకో వారం గడపవచ్చు.

వరుస చివర నేనైతే 'ప్రకృతి' పెడతాను. రావత్తు, వట్రసుడి రెండూ ఒకే మాటలో ఉన్నాయి, చెవి వాటిని విడదీయలేదు. 'ప్రక్రుతి' అని రాసిన పిల్లవాడు మన నోటి పలుకునే నమ్మకంగా దించాడు, అతనికి 'కృతి, ఆకృతి, వికృతి, సంస్కృతి' చీటీలు ఇవ్వాలి. 'పకృతి' అని రాసినవాడికి వట్రసుడి వచ్చు, మొదటి జంట హల్లు జారిపోయింది, అతనికి 'ప్రజ, ప్రశ్న, ప్రయాణం' చాలు. 'పృకృతి' అని రాసినవాడు ఈ ముగ్గురిలో అందరికంటే ఎక్కువ తప్పు రాసినట్టు కనిపిస్తాడు. వట్రసుడి ఈమధ్యే అతని చేతికొచ్చింది, కొత్త కనుక అన్నిచోట్లా పెట్టి చూస్తున్నాడు. 'ప్రజ'నూ 'పృథివి'నీ, 'క్రమం'నూ 'కృషి'నీ పక్కపక్కన పెట్టి వేరుచేయించాల్సింది అతని చేతే.